గాలి ఓడకి తాంబూలం

ఆ రోజుల్లో మా పాలకొల్లులో ఆడపిల్ల ఇంజినీరింగ్ పూర్తిచేసి ఇంటికొచ్చిందంటే, ఉద్యోగం దొరికేలోపు వీధిలో పాడైన వస్తువులన్నీ ఆమె ముందుకు వచ్చి కూర్చునేవి. మిక్సీ తిరగకపోయినా, గోడ గడియారం ఆగినా, పక్కింటివారి టీవీలో నొక్కిన ఛానెల్ రాకపోయినా "ఇంజినీరమ్మని పిలవండి" అనేవారు. నేను చదివింది మెకానికల్ అని, అందులో రిమోట్ల పాఠం లేదని చెప్పడం మొదట్లోనే మానేశాను. (చెబితే "మరి ఇన్నాళ్లూ ఏం చదివావే?" అని అడిగేవారు.) రిమోట్‌లో బ్యాటరీలు మార్చి, నలుగురి మెప్పూ పొంది, గబగబా మేడమీద గదిలోకి వెళ్లిపోయేదాన్ని. నా అసలు ప్రపంచం అక్కడుండేది. అట్టలతో, వెదురు పుల్లలతో, దారాలతో నేను చేసుకున్న పాతకాలపు గాలి ఓడల నమూనాలు ఆ గది నిండా వేలాడుతుండేవి. గాలి ఓడంటే విమానం కాదు. దోసకాయ ఆకారంలో ఉన్న పెద్ద సంచిలో తేలిక గ్యాసు నింపి, దాని పొట్ట కింద మనుషులు కూర్చునే చిన్న పెట్టెని తాళ్లతో వేలాడదీస్తే, అది తొందరేమీ లేకుండా గాల్లో తేలుతూ పోతుంది. ఆ తొందర లేకపోవడమే నాకు దానిలో నచ్చిన గుణం.

చదువయిన ఏడాదే బెంగళూరులో ఒక చిన్న కంపెనీవాళ్లు నన్ను ఉద్యోగానికి రమ్మన్నారు. వాళ్లు చేసేవి ఇవే, గాలి ఓడలు. నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. నాన్నకి మాత్రం ఆ మాట చెవికెక్కలేదు. మాది బట్టల కొట్టు. మీటరు కర్రకి అందని వస్తువుని ఆయన ఎప్పుడూ నమ్మలేదు. "బుడగలు చేసే కంపెనీయా? బుడగలు తిరునాళ్లలో అమ్మేవాళ్లని చూశాను గానీ, దానికోసం బెంగళూరెళ్లి ఉద్యోగం చేసేవాళ్లని చూడలేదమ్మా. రాజమండ్రిలో బ్యాంకు కోచింగ్‌లో చేరు. శుభ్రంగా ఏసీలో కూర్చుని పనిచేసుకోవచ్చు" అనేవారు. నేను బుగ్గలు పొంగించుకుని మేడెక్కేసేదాన్ని. ఇలా కొన్నాళ్లు సాగాక మా అక్కకి పెనుగొండ సంబంధం కుదిరింది. కాబోయే బావగారికి కొత్తదనం మీద మోజు. నిశ్చితార్థంలో ఉంగరాలు స్టేజీ మీదకి డ్రోన్‌లో తెప్పిద్దామని ఫోన్ చేశారు. ఆ రెక్కల గాలికి జడ చెదిరిపోతుందని అక్క బెంగపెట్టుకుంది. అప్పుడు నేను, నా నోరు నా అదుపులో లేని క్షణాన, "డ్రోన్ ఎందుకు, గాలి ఓడలో పంపిస్తాను. చప్పుడుండదు, గాలుండదు" అనేశాను.

నాన్న నన్ను, కొత్తగా వచ్చిన బట్ట తాను నాణ్యం చూసినట్టు, కాసేపు చూశారు. "సరే. నలుగురి ముందూ చేస్తానంటున్నావు కాబట్టి ఒక మాట. ఇది ఎగిరితే నువ్వు బెంగళూరెళ్లు, నేను అడ్డు చెప్పను. ఎగరకపోతే రాజమండ్రిలో కోచింగ్. మళ్లీ బుడగ మాట ఎత్తకూడదు. ఏమంటావు?" అన్నారు. "ఆయ్, నేను సాక్షం తమ్ముడూ" అంది, కూరలు తరుగుతున్న అత్తయ్య. ఈవిడ నాన్నకి అక్కగారు. నరసాపురంలో ఉంటుంది. నిశ్చితార్థం పనులు దగ్గరుండి చేయిస్తానని పెట్టెతో దిగింది. ఆవిడ పెట్టెలో చీరలు సగం, లేసు అల్లే దారం సగం.

ఆ దారంతోనే మా ఓడ తయారయింది. ప్లాస్టిక్ షీటుని ఇస్త్రీపెట్టెతో అతికి, మా హాల్లో సోఫాకి రెండింతల పొడవు సంచి చేశాను. పాతకాలపు ఓడ ఫొటో ఒకటి ముందు పెట్టుకుని, దానిలో ఉన్నదున్నట్టు, సైజు మాత్రమే తగ్గించి చేయాలన్నది నా పంతం. ఫొటోలో సంచి పొట్ట నుంచి కింది పెట్టెకి బోలెడు దారాలున్నాయి, కాబట్టి నేనూ అన్ని దారాలు కట్టాను. నవారు మంచం బిగించినవాళ్లకి ఆ అవస్థ అర్థమవుతుంది. ఇటు బిగిస్తే అటు వదులవుతుంది, అటు బిగిస్తే పెట్టె ఒక పక్కకి ఒరిగి, అందులో ఉంగరాలు కాదు కదా, గాలి కూడా నిలవనట్టు వేలాడుతుంది. నా పాట్లు చూడలేక అత్తయ్య లేసు సూది పట్టుకుని మేడెక్కి వచ్చింది. సంచి మీద కప్పడానికి వల అల్లి పెట్టింది. దారాలన్నీ ఆ వల అంచుకి కట్టేసరికి బిగువు అన్నివైపులా సమానంగా పడి, పెట్టె నిటారుగా నిలబడింది. నేను ఆనందంగా చప్పట్లు కొట్టబోతుంటే, ఆవిడ వల చివర పువ్వులు అల్లడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా, పువ్వులొద్దు. బరువు."

"పువ్వు బరువేంటే? దారమేగా. ఆడపెళ్లివారి వస్తువు బోసిగా వెళ్తే బావుంటుందా?"

కూర్చోబెట్టి ఓడ గుట్టు చెప్పాను. లోపలి గ్యాసు ఎంత బరువు ఎత్తగలదో ఓడ సరిగ్గా అంతే తూగాలి. కాస్త ఎక్కువైతే నేల విడవదు. కాస్త తక్కువైతే మళ్లీ నేల మొహం చూడదు. అందుకే పెట్టె కింద చిన్న చిన్న ఇసుక పొట్లాలు కట్టి బరువు సరిచేస్తాను. తూకం కుదిరాక దాన్ని అటూ ఇటూ నడిపే పని రెండు బుల్లి మోటార్లది, నా చేతిలోని రిమోట్‌ది. అత్తయ్య శ్రద్ధగా విని, "అంటే గ్రాము కూడా ఎక్కువ పెట్టకూడదన్నమాట. నేనెందుకు పెడతానే?" అంది. పువ్వులు మాత్రం విప్పలేదు. వాటికోసం ఇంకాస్త గ్యాసు పట్టేలా సంచి పొడవు పెంచాను. నాన్న ఒకసారి పైకొచ్చి, "ఎందుకైనా మంచిది, తోకకో తాడు కట్టి చేత్తో పట్టుకోవే" అన్నారు. ఎగిరే ఓడకి ఫొటోలో తాడు లేదని, గేదెని తోలుకెళ్తున్నట్టు ఉంటుందని ససేమిరా అన్నాను. (ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.)

నిశ్చితార్థం రోజు పొద్దున్నే ఖాళీ ఫంక్షన్ హాల్లో ఎగరేసి చూశాం. ఏసీ హాలు కాబట్టి ఫ్యాన్లు ఆపించాం. గుమ్మం దగ్గర బయల్దేరి, కుర్చీల మీదుగా తేలుతూ వెళ్లి, మొదటి వరస దగ్గర వొయ్యారంగా తిరిగి, స్టేజీ మీద అక్క చేతుల ఎత్తులో ఆగింది. ఎగరేయక ముందే ఉంగరాల పెట్టెని ఓడ పెట్టెలో వెల్వెట్ గుడ్డ మీద పెట్టి, ఎవరూ ఊడదీయలేనట్టు దారంతో కట్టేశాను. బెంగళూరు నాకు కళ్లెదుట కనబడింది. అప్పుడు అమ్మ వచ్చి "ఆ నైటీలోనే ఉంటావా, చుట్టాలొచ్చేస్తున్నారు" అని నన్ను చీర కట్టుకోమని తరిమింది. ఓడని అత్తయ్యకి అప్పగించి వెళ్లాను. ఆ రోజు నేను చేసిన పనులన్నింటిలో తెలివితక్కువది అదే.

నేను చీర కుచ్చిళ్లు సవరించుకుంటూ వచ్చేసరికి హాలు నిండిపోయింది. సన్నాయి మొదలైంది. రిమోట్ నొక్కాను. ఓడ కదల్లేదు. మోటార్లు తిరుగుతున్నాయి, వల చివర పువ్వులు ఊగుతున్నాయి, పెట్టె మాత్రం బల్లకి అతుక్కుపోయినట్టు కూర్చుంది. సంచి ఎక్కడో కారుతోందనుకున్నాను. గబగబా ఒక ఇసుక పొట్లం కోసేశాను. కదల్లేదు. ఇంకొకటి కోశాను. అలా ఉన్నవన్నీ కోసేశాక, మెల్లగా, మహారాణిలా లేచింది. ఎంత ప్రమాదంలో ఎంత సమయస్ఫూర్తి చూపించానా అని నాకు నేనే ముచ్చటపడ్డాను. అత్తయ్య పక్కనే నిలబడి, పైటకొంగు సవరించుకుంటూ, ఎటో చూస్తోంది.

ఓడ హాల్లోకి వెళ్లగానే జనం మాటలాపేశారు. ఫోన్లన్నీ పైకి లేచాయి. వల మీద లేసు పువ్వులు లైట్ల వెలుగులో మెరుస్తుంటే, నిజం చెప్పాలి, నాకు కళ్లు చెమర్చాయి. మొదటి వరసలో బావగారి బామ్మగారు కూర్చున్నారు. స్టేజీ వైపు తిరగడానికి ఓడ ఆవిడ ముందే క్షణం ఆగాలి. ఆగింది. ఆవిడ దాన్ని ఎగాదిగా చూసి, "ఏంటమ్మా, నాకోసమే వచ్చావా?" అని ఆప్యాయంగా అడిగి, వెల్వెట్ గుడ్డ కింద చెయ్యి పెట్టి, ఒక పొట్లం తీసుకుని కళ్లకద్దుకున్నారు. మరుక్షణం ఓడ రివ్వున పైకి లేచింది. ఉంగరాలతో సహా వెళ్లి, హాలు మధ్య షాండ్లియర్ పక్కన, సీలింగుకి ఆనుకుని నిలబడిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

బామ్మగారి ఒళ్లో పొట్లం విప్పి ఉంది. తమలపాకులు, వక్క, పసుపు కొమ్ము, ఒక పూతరేకు, వాటన్నింటి కింద గులాబీరంగు రవికల గుడ్డ. అది మా కొట్టులో గుడ్డే. నేను అత్తయ్య వైపు చూశాను.

"అలా చూస్తావేంటే? ఖాళీగా పంపిస్తామా వియ్యాలవారి దగ్గరికి? అయినా నేనేం పెట్టానని. ఆకూ వక్కే కదా."

"రవికల గుడ్డో?"

"బట్టల కొట్టు పెట్టుకుని, గుడ్డ లేకుండా తాంబూలం ఇస్తారటే ఎవరైనా?"

అంటే నేను ఇసుక పొట్లాలన్నీ కోసి పారేసింది ఆ తాంబూలాన్ని మోయించడానికన్నమాట. తాంబూలం దిగిపోయాక ఓడని నేలకి దించే బరువు అందులో లేదు. ఇక హాల్లో ఉన్నవాళ్లంతా ఇంజినీర్లయ్యారు. డెకరేషన్ వాళ్ల నిచ్చెన సగానికే అందింది. వీడియో అతను తన డ్రోన్‌తో లాగుతానంటే, "రెండూ పైనే ఉండిపోతే బాబూ?" అన్నారు నాన్న. ఎలక్ట్రీషియన్ స్విచ్ మీద చెయ్యి పెట్టి, "ఫ్యాన్లు వెయ్యమంటారా అండి? గాలికి పక్కకొస్తుందేమో" అని అడిగాడు. వద్దని హాలంతా ఒక్క గొంతుతో అంది. ఈలోగా పంతులుగారు గడియారం చూసుకుని, "వర్జ్యం వచ్చేస్తోందండి. ఉంగరాలు కిందున్నా పైనున్నా ముహూర్తం ఆగదు" అన్నారు. అక్క ముఖం వాడిపోయింది. నేను ఆమె కళ్లలోకి చూడలేకపోయాను. అప్పుడు నాన్న తన వేలి ఉంగరం తీసి అక్క చేతిలో పెట్టారు. అది చూసి బామ్మగారు, "దానికేముందండి, నాదీ ఉంది" అని తన ఉంగరం తీసి మనవడికిచ్చారు. అలా మార్చుకున్నారు. నాన్న ఉంగరం బావగారికి వదులైపోయి, జారకుండా భోజనాల దాకా పిడికిలి బిగించుకునే ఉన్నారు. (ఆయనకి కోపమొచ్చిందేమోనని మావాళ్లు ఆయనకి మరీ ఎక్కువ మర్యాదలు చేశారు.) బామ్మగారి ఉంగరం అక్కకి చిటికెన వేలికి మాత్రమే పట్టింది.

నేను వంటశాల వెనక అరటాకుల కట్టల పక్కన కూర్చుండిపోయాను. రాజమండ్రి కోచింగ్‌లో వడ్డీ లెక్కలు ఇప్పటినుంచే నా చెవుల్లో మోగుతున్నాయి. ఇస్త్రీపెట్టెతో అతికిన అతుకులు కదా, గ్యాసు కొంచెం కొంచెంగా కారుతూనే ఉందట. రెండో బంతి సాగుతుండగా ఓడ సీలింగు వదిలి, తన పద్ధతిలో, తొందరేమీ లేకుండా దిగడం మొదలుపెట్టింది. జనం విస్తళ్ల ముందు చేతులు ఆపి చూస్తుండగా వచ్చి, ఖాళీగా ఉన్న కుర్చీ మీద ఆనింది. బావగారు ఉంగరాల పెట్టె విప్పలేక కత్తెర తెప్పించారట. (నా ముడులు ఆ మాత్రం నిలబడ్డాయి.) అప్పుడు బామ్మగారు తన విస్తట్లోని కాజా తీసి ఓడలో పెట్టి, "మా ఇంటి నుంచి కూడా ఉత్తినే వెళ్లకూడదు కదమ్మా" అన్నారట. ఇవన్నీ నాకు తర్వాత చెప్పారు.

నాన్న చేతులు కడుక్కుని నన్ను వెతుక్కుంటూ వచ్చారు.

"ఇక్కడేం చేస్తున్నావే? భోంచెయ్యవా?"

"కోచింగ్‌లో ఎప్పుడు చేరాలి నాన్నా?"

"ఏ కోచింగు?"

"పందెం ఓడిపోయాను కదా."

నాన్న తువ్వాలుతో నింపాదిగా చేతులు తుడుచుకున్నారు. "నేనేమన్నాను? ఎగిరితే బెంగళూరన్నాను. ఎగిరిందా లేదా? ఊరంతా తలెత్తి చూసింది. దిగాలని నేను అన్లేదు. అది ముందే అనుకోవలసింది, నా పొరపాటు. బేరంలో లేనిదాన్ని తర్వాత అడిగే అలవాటు మన కొట్టులో లేదు" అన్నారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "అక్కడికెళ్లాక మాత్రం తాడు కట్టుకోమ్మా" అన్నారు. నేను అరటాకుల మధ్య కూర్చుని భోరున ఏడ్చాను. ఆయనకి అదేమిటో అర్థంకాక అత్తయ్యని పిలిచారు. ఆవిడొచ్చి నా నోట్లో పూతరేకు పెట్టింది.

ఇప్పుడు బెంగళూరులో నాకు సొంత బల్ల ఉంది, నా కింద పనిచేసే పిల్లలున్నారు. ఆనాటి ఓడలో పెట్టె, దారాలు, లేసు వల మా కొట్టులో గల్లాపెట్టె పైన వేలాడుతున్నాయి. దారాలు వదులైపోయాయి. వెళ్లినప్పుడల్లా బిగిద్దామని చెయ్యి చాపి, మానేస్తాను. అత్తయ్యకి చూపు తగ్గి లేసు అల్లడం మానేసింది. ఫోన్ చేస్తే మాత్రం "ఈసారి ఎంత పెద్దది చేస్తున్నారే? దాంట్లో ఏం పెట్టి పంపిస్తున్నారు?" అని అడుగుతుంది. మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఒక చిన్న ఓడ చేసి, దారాలన్నీ తీర్చిదిద్ది, గ్రాముల దాకా తూచి, ఎగరేసే ముందు చీఫ్‌గారిని పిలుచుకురావడానికి వెళ్లింది. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఆ ఓడ అంత అందంగా, అంత ఖాళీగా కనబడింది. ఆ పిల్ల తిరిగొచ్చి రిమోట్ నొక్కితే ఓడ కదల్లేదు. కంగారుగా పెట్టెలోకి తొంగిచూసి, "మేడమ్, ఇందులో కాజా ఎవరు పెట్టారు?" అంది.

నేను పైటకొంగు సవరించుకుంటూ, ఎటో చూశాను.