కొమ్ము వంగిన ముల్లుపురుగు కోసం మెక్‌ఆలెన్ దాకా

ఇందుమూలంగా సమస్త తెలుగు ప్రజానీకానికి తెలియజేయడమేమనగా, నడిచే ముల్లు ముల్లు కాదు, పురుగు. గోరంత లేని ఈ విషయం కోసం రానూపోనూ వెయ్యి మైళ్లు డ్రైవ్ చేశాను గనుక, ప్రకటించే అధికారం నాకుంది.

2009 వేసవి. మా అక్క కూతురు హారిక పురుగుల మీద ఎమ్మెస్ చేస్తోంది. నిటారు కొమ్మున్న ముల్లుపురుగునీ, వంగిన కొమ్మున్నదాన్నీ రెండు వేర్వేరు ఉపకుటుంబాల్లో పెట్టింది. తీరా అవి ఒకే జాతి ఆడా మగా. పచ్చని కాపురం కూల్చిందన్నమాట. సోమవారానికి రెంటినీ ఒకే కొమ్మ మీద నుంచి తెచ్చి నిరూపించకపోతే ప్రాజెక్ట్ వేరేవాళ్లకిస్తానన్నాడు ప్రొఫెసర్. పిల్ల మూడు రోజులు గది దాటలేదు. "మెక్‌ఆలెన్‌లో ఓ చెట్టు మీద పోయినేడు చూశాను, పద" అన్నాను.

శనివారం తెల్లవారుజామున నాలుగింటికి మా ఊరు కాపెల్‌లో బయల్దేరి, శాన్ ఆంటోనియో దాకా ముప్పై అయిదో నంబరు రోడ్డు, అక్కడి నుంచి రెండువందల ఎనభై ఒకటి పట్టుకుంటే ఒంటిగంటకు సరిహద్దు ఊరు మెక్‌ఆలెన్ చేరాం. మొత్తం పెట్రోలుకి తొంభై డాలర్లు, రాత్రికి మోటెల్ యాభై.

"ఏ చెట్టు మామయ్యా?"

"ముందు తిందాం."

"మర్చిపోయావా?"

"ఆకలేస్తే నా పేరే గుర్తుండదు, చెట్టెంత."

రోడ్డుపక్క రొట్టెలో కూర మడిచి టాకోలు చేస్తున్న పెద్దావిణ్ణి, నడిచే ముళ్లు దొరుకుతాయా అని వేళాకోళానికి అడిగాను. ఆవిడ నవ్వలేదు. "వెనక తుమ్మచెట్టు మీదున్నాయి. కొమ్మ ఊపకండి, తల్లి కాపలా ఉంది" అంది.

హారిక ప్లేటు వదిలేసి పరుగెత్తింది. ఊరుకోలేక అసలు ముల్లొకటి తుంచి ఆమె సీసాలో వేశాను. భూతద్దం పెట్టి చూసి నా మీదకే విసిరింది. "దీనికి కాళ్లేవి?"

తర్వాత హారిక గొంతు మారింది. "ఇటు చూడు. తల్లి. కింద ఎదిగిన పిల్లలు, ఒకే కాన్పు. అక్కచెల్లెళ్లకి కొమ్ము సూదిలా ఉంది, అన్నదమ్ములకి వెనక్కి వంగింది. ఆ కొమ్ము తలది కాదు, వీపుమీది పెంకు. నేను కొమ్ము చూసి మోసపోయాను. కాళ్లు చూడాల్సింది."

చూశాను. ఆడా మగా ఇద్దరికీ ముందు కాళ్లు మోకాలి కింద ఆకుల్లా పలచగా ఉన్నాయి, వెనక కాళ్ల మీద బిరుసు వెంట్రుకల వరుసలున్నాయి. అలాంటి కాళ్లుంటే దక్షిణ అమెరికా నుంచి ఇక్కడిదాకా పాకిన మెంబ్రాసినే అనే ఒకే ఉపకుటుంబమట. తల్లిని ముట్టకుండా హారిక ఓ అక్కనీ ఓ తమ్ముణ్ణీ సీసాలోకి తీసుకుంది. మిగతా టాకోలు నేను తిన్నాను.

సోమవారం ఆ సీసా చూపించాక ప్రాజెక్ట్ హారిక దగ్గరే ఉండిపోయింది. తప్పు చేసినవాళ్లకి ఉపదేశం కంటే ఒక కొమ్మ చూపించడం మేలని నాకు అప్పుడే తెలిసింది. మీరు వెళ్తే మంచి భూతద్దం పట్టుకెళ్లండి, కొమ్మ మాత్రం ఊపకండి.

ఇక పోయినేడు నేను చూసిన చెట్టు సంగతి. అలాంటి చెట్టేదీ లేదు. హారిక పురుగుల పెట్టె మీది చీటీలో ఊరి పేరు చదివి అనేసిన మాట అది. మెక్‌ఆలెన్ వెళ్లడం నాకూ అదే మొదటిసారి.