అక్క చేతి మీది తాబేలు

మొన్న ఆదివారం మా మనుమరాలు ఫోనులో ఏవో ప్రశ్నలకు వరుసగా జవాబులు నొక్కి, చివరికి తన స్వభావానికి తోడేలు సరిపోతుందని తేలిందంటూ సంబరంగా నాకు చూపించింది. నన్నూ ఆడమంది. కళ్ళజోడు లేదని తప్పించుకున్నాను గాని, ఆ పూటంతా మా అవ్వే నా కళ్ళ ముందు తిరిగింది. మా అవ్వ దగ్గర కూడా అందరికీ తలా ఒక జంతువు ఉండేది. కాకపోతే ఆమె లెక్క వేరు. మనిషిలో ఏ గుణం కొరవడిందో చూసి, ఆ గుణమున్న జంతువును తోడిచ్చేది.

భువనగిరికి దగ్గరి పల్లెలో మాది నేతపని చేసే ఇల్లు. ఊళ్ళోకి కరెంటు ఇంకా రాని రోజులు. ఎవరికీ ఏదీ కాదనలేని తన కొడుక్కు, అంటే మా బాపుకు, ముళ్ళపందిని, మగ్గానికి నూలు కండెలు చుట్టమంటే సగంలో వదిలేసి ఆటకు పరుగెత్తే నాకు ఉడుమును ఇచ్చింది. ఇవ్వడమంటే తంతు ఏమీ లేదు, పొద్దున పనిలో కూర్చునే ముందు దాన్ని ఒకసారి తలుచుకొమ్మనేది, అంతే. నేను రాట్నం ముందు నుంచి లేవబోతే చాలు, "ఉడుమేడ పోయిందే?" అని లోపలి నుంచే కేకేసేది. నవ్వొచ్చినా మళ్ళీ కూర్చునేదాన్ని. ఇందులో మహిమ ఉందని అవ్వ ఎన్నడూ అనలేదు. తన బుద్ధితో తానొక్కడే కొట్లాడాలంటే మనిషికి కష్టం, పక్కన ఒకటి తోడుంటే నయం అనేది.

మా అక్కది నిప్పులాంటి కోపం. దేవరకొండ వైపు ఒక పల్లెలో, మా వంటి నేతవాళ్ళ ఇంటికే ఇచ్చారు. బావ నెమ్మదస్తుడు, అతని వంతు మాటలు కూడా వాళ్ళమ్మే మాట్లాడేది. కాపురానికి వెళ్ళి ఏడాది తిరగకముందే, నూలు వదులుగా చుట్టావని అత్త అన్నదని, పుట్టింటి నుంచి తీసుకెళ్ళిన రాట్నాన్ని నెత్తిన పెట్టుకొని, బస్సులు మారి, అక్క వచ్చేసింది. బాపు ముఖం వాడిపోయింది. అలా వచ్చిన పిల్లను మళ్ళీ పిలుచుకుపోతారో లేదో అన్న భయం ఆ రోజుల్లో చిన్నది కాదు. బావ వస్తాడేమోనని అందరం వాకిలి వైపు చూస్తూ పని చేసుకున్నాం. రాలేదు.

అవ్వ మాత్రం, "దీనికి తలుసుకుంటే సాలదు, కండ్లకు కనవడాలె" అని, పచ్చబొట్లు పొడిచే ఆమె ఊళ్ళోకి వచ్చినప్పుడు పిలిపించి, అక్క ఎడమ మణికట్టు మీద తాబేలును పొడిపించింది. సూదులు దిగుతుంటే అక్క పళ్ళు బిగబట్టి కూర్చుంది. దాని మీద పసుపు అద్దుతూ అవ్వ చెప్పింది: "కోపమొచ్చినప్పుడల్లా దీని మీద చెయ్యి పెట్టు బిడ్డా. తాబేలు లెక్క లోపలికి గుంజుకో." పుండు మానగానే బాపు వెంట వెళ్ళి అక్కను దిగబెట్టి వచ్చాడు.

తర్వాత ఏ కబురూ రాలేదు. గొడవ లేదు గనుకే కబురు లేదని మేమంతా నిమ్మళంగా ఉన్నాం. ఎండాకాలంలో అవ్వ నన్ను తోడు తీసుకొని అక్కను చూడడానికి బయలుదేరింది.

మేము కాళ్ళు కడుక్కుంటుండగానే అక్క అత్త అవ్వను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగింది: "ఏం మందు వెట్టి పంపిన్రు అవ్వా మా కోడలికి?"

అవ్వ బిత్తరపోయింది. "మందేంది? నీ మీదికి లేస్తాందా?"

"లేస్తే బాగుండు. నేనేమన్నా తన చెయ్యి తనే పట్టుకొని కూసుంటది. తిట్టినా గంతే, మంచిగ మాట్లాడినా గంతే. ఇంట్ల మనిషి ఉన్నట్టే లేదు. నాకు భయమైతాంది."

నేను వంటింట్లోకి పోయాను. అక్క జొన్న రొట్టెలు చేస్తున్నది. ఎప్పుడూ నా జడ పట్టి గుంజి నవ్వే అక్క, పిండి మీది నుంచి చూపు తిప్పకుండా "వచ్చినవా" అన్నది. నాకు ఏడుపొచ్చింది. నా వెనకాలే వచ్చిన అవ్వ ఆమె పక్కన కూర్చుని ఏమైందని అడిగింది. అక్క చేతిలోని రొట్టెను పెనం మీద వేసి చెప్పింది: "కోపమొక్కదాన్నే లోపలికి గుంజుకోమంటే ఎట్లయితదే అవ్వా? దానెంట నవ్వు గూడ పోయింది. ఏడుపు గూడ పోయింది."

అవ్వ అక్క చేతిని ఒళ్ళోకి తీసుకొని, ఆ పచ్చబొట్టును వేలితో నిమిరింది. తర్వాత నెమ్మదిగా, "తాబేలు ఊకె లోపల్నే ఉంటదా బిడ్డా? జరసేపుండి తల బయటికి పెడతది. గది చెప్పుడు మర్చిపోయిన" అన్నది. అక్క కళ్ళు నిండాయి. గుమ్మం దగ్గర నిలబడి వింటున్న అత్త గబగబా వచ్చి, పెనం మీద మాడుతున్న రొట్టెను తీస్తూ, "రొట్టెను మాడవెట్టి ముచ్చట్లా?" అని కసిరింది.

"మాడనీ! నేనే తింట!" అని అక్క గట్టిగా అరిచింది. అరిచి, తన గొంతుకు తానే ఉలిక్కిపడి, ముక్కు చీదుకుంటూ నవ్వింది. అత్త నవ్వలేదు గాని, ఆ మాడిన రొట్టెను తుంచి సగం తన పళ్ళెంలో వేసుకుంది.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి కొట్లాడుకున్నారు, కొట్లాడుకుంటూనే ఒకే మగ్గానికి నూలు చుట్టారు. పంతొమ్మిది వందల అరవైల చివర, నేను కల్వకుర్తిలో బడి టీచరుగా ఉన్నప్పుడు, ఆ అత్త కాలం చేసింది. నేను వెళ్ళేసరికి అక్క ఖాళీ మంచం పట్టె మీద చెయ్యేసి కూర్చుని ఉంది. "గిప్పుడు నేనెవరితోని కొట్లాడాలెనే?" అని నన్ను అడిగింది. ఆ అడగడం నిజంగా అడగడమే.

ఇప్పుడు పచ్చబొట్లు పొడిచేవాళ్ళు ఊళ్ళోకి రారు, మా ఇంట్లో మగ్గం చప్పుడూ లేదు. అవి పోయినందుకు నాకంత బాధ లేదు. నాకూ మా కోడలికీ ఇన్నేళ్ళలో ఒక్క మాట తేడా రాలేదని చుట్టాలు మెచ్చుకుంటారు. నిజమే. తినడం అయ్యాక ఎవరి గదిలోకి వాళ్ళం వెళ్ళి తలుపు దగ్గరకు వేసుకుంటాం. ఒకరికొకరం బుద్ధి చెప్పే అవసరం రాలేదు, చెప్పే చనువూ పెరగలేదు. సుఖంగానే ఉన్నాం. ఒక్కోనాడు మాత్రం, వంటింట్లోంచి ఎవరైనా నా మీద గట్టిగా ఒక కేక వేస్తే బాగుండుననిపిస్తుంది.