ఇన్నమ్మ వాషర్లు

దమ్మపేటలో ఆరోగ్యం తన ఇంటి వసారాలో పాత లారీ ట్యూబులు కోసి, పురుగుమందు కొట్టే పంపులకు వాషర్లు చేస్తాడు. ఒక్కోదాన్ని చెవి దగ్గర వంచి, చిట్లే చప్పుడు లేకపోతేనే పొట్లంలో వేస్తాడు. పొట్లం మీద పంపుల కంపెనీ పేరు లావుగా, ‘పంపుకు సరిపోతుంది’ అన్నది చీమ తలకాయంత ఉండేది. ఆ కంపెనీ మనిషి వచ్చి, “మా పంపుకు పనికొస్తదని రాసుకో. గానీ నీ సరుకు పేరే పెద్దగుండాలె,” అన్నాడు. తన సరుకుకు పేరేదీ? నిరుడు పోయేదాకా పక్కన కూచుని పొట్లాలు కట్టిన భార్య ఇన్నమ్మ పేరు అచ్చువేయించాడు.

ఓ పొద్దున రైతొకడు వచ్చి, “అన్నా, ఇన్నమ్మ వాషర్లు రెండియ్యి,” అన్నాడు. ఆమె పోయాక ఆ వసారాలో ఆ పేరు పైకి అన్నవాళ్లు లేరు. వినబడకేం? అయినా ఆరోగ్యం చెవి ముందుకు వంచి, “ఏందన్నవ్? ఇంకోసారి చెప్పు,” అన్నాడు.