ముసలయ్య కుడిచెయ్యి

ఖలాసీ ముసలయ్యకు అనుమానమే వృత్తి. ఇనుప కర్మాగారాల ఊరు గమ్హరియాలో, యార్డు క్రేన్ కింద నిలబడి ఇనుప దిమ్మెలకు గొలుసులు తగిలించే మనిషి ప్రతి గొలుసునూ దొంగను చూసినట్టు చూడాలి. ఏ లంకె సాగిందో, ఏ కొక్కెం నోరు తెరిచిందో కనిపెట్టకపోతే ఇనుము నెత్తిన పడుతుంది. నేను తిరిగిన రేవుల్లోనూ గనుల్లోనూ ముసలితనం దాకా బతికిన ఖలాసీలందరూ అనుమానపు మనుషులే. తక్కినవాళ్ల ఫొటోలకు దండలు వేలాడుతుంటాయి. ఈయన ఇంట్లో టీ ఇస్తే గ్లాసు అడుగు తడిమిగాని తాగడు. పుట్టినప్పుడే ముసలయ్య అని పేరు పెట్టారట పాపం. యాభై దాటాక గాని ఒళ్లు దానికి ఒప్పుకోలేదు.

మొన్న వానాకాలంలో గొలుసు జారి కుడిచేతిని ఒక్క గుంజు గుంజింది. ఎముక విరగలేదు కాని, చెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసింది. పైన గదిలో కూర్చున్న క్రేన్ డ్రైవరుకు కింది మాట వినపడదు. చెయ్యి నిటారుగా ఎత్తి వేలు తిప్పితే ‘పైకి లేపు’ అని అర్థం. ఆ చెయ్యి లేవకపోతే యార్డులో ముసలయ్య మూగవాడే. వైద్య పరీక్షలో చెయ్యెత్తి చూపిస్తేనే మళ్లీ గేట్ పాస్ ఇస్తామన్నారు.

మాంగో అనే పేటలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌కి కంట్రాక్టరే పంపించాడు. అనుమానం అక్కడే మొదలైంది. కంట్రాక్టరు ఊరికే మంచి చేస్తాడా? క్లినిక్ నడిపే సుధారాణి ఒడిశా సరిహద్దు తెలుగు పిల్ల. నవ్వుతూ మాట్లాడుతుంది. ఆ నవ్వు కూడా ఆయనకు నచ్చలేదు.

“నొప్పెంతుంది బాబాయ్?”

“నేదమ్మా.”

“అసల్లేదా?”

“నాకేటి నొప్పి? ఇనప మనిషిని.”

ఈ అబద్ధం ముసలయ్య సొంతం కాదు. కంట్రాక్టు పనివాళ్ల బస్తీల్లో అందరికీ అలవాటైనదే. పనికి సంబంధించినవాళ్లు ఎవరు నొప్పి గురించి అడిగినా ‘లేదు’ అనాలి. నడుం నొప్పని నోరు జారిన ఒకడికి మర్నాటి నుంచి గేటు తెరుచుకోలేదు. సుధారాణికి ఈ సంగతి తెలియదు. నొప్పి లేదన్నాడు కదా అని పసుపు రబ్బరు పట్టీ తీసి, దానికన్నా బిగువైన ఎర్రది ఇచ్చింది. ముసలయ్య దాన్ని వెలుతురుకు పట్టి, బీటలున్నాయేమోనని అటూ ఇటూ సాగదీసి చూసి మరీ లాగాడు. పళ్ల బిగువున లాగాడు. కొన్నాళ్లకు భుజం వాచి, అన్నం ముద్ద నోటికి రావడమే గగనమైంది.

“కావాలనే పాడు సేత్తంది,” అన్నాడు నాతో. “పాస్ రాకుండా సెయ్యడానికి కంట్రాక్టరు ఎట్టిన మనిషి.”

రుజువు కూడా దొరికింది. ఒక సాయంత్రం క్లినిక్ ముందు యార్డు సూపర్‌వైజర్ సూర్యప్రకాష్ మోటార్‌సైకిల్ కనబడింది. ఇంకేం కావాలి?

ఆ రోజుల్లోనే కడుపుతో ఉన్న కూతురు బిందుప్రియ సోనారిలోని అత్తారింటి నుంచి పుట్టింటికి వచ్చింది. తుంటి దగ్గర సలుపు. వాళ్ల డాక్టరు కూడా ఫిజియోథెరపీకే వెళ్లమంది. దగ్గర్లో ఉన్నది సుధారాణి ఒక్కతే. ముసలయ్య కాపలాకి వెంట వెళ్లాడు.

“నొప్పెక్కడమ్మా?” అంది సుధారాణి.

తండ్రి ముఖం చూసి బిందుప్రియ, “కుఛ్ నహీఁ, ఠీక్ హూఁ,” అని, ఏమీ లేదు బాగానే ఉన్నానని హిందీలో దాటేసింది.

“సరే, అయితే ఒక్క కాలి మీద నిలబడు.”

పిల్ల నిలబడబోయి పెదవి కొరుక్కుంది. ముసలయ్య చటుక్కున లేచాడు.

“ఆపమ్మా, ఆపు! ఠీకూ లేదు గీకూ లేదు. మంచం మీద ఇటునుంచి అటు తిరగలేక దిండు కొరుక్కుని ఏడుత్తంది. అబద్ధమాడితే ఎలా తెలుత్తాదే అమ్మీ, ఆవిడికి?”

బిందుప్రియ తండ్రి వైపు తిరిగింది. ఈసారి తెలుగులోనే అడిగింది. “మరి నువ్వేటి సెప్పావు నానా?”

సుధారాణి ఎర్ర పట్టీ వైపు, తరవాత ఆయన భుజం వైపు చూసింది.

“బాబాయ్, ఇన్నాళ్లూ నొప్పితోనే లాగావా?”

ముసలయ్య ఎదురు ప్రశ్న వేశాడు. “మా సూపర్‌వైజరు ఇక్కడికెందుకొచ్చాడు?”

“ఎవరొచ్చారో, ఎందుకొచ్చారో నేను చెప్పను.”

“నాకైనా?”

“నీకైనా. నీ సంగతి వాళ్లకీ చెప్పను.”

రెండో మాట ఆయన నమ్మేవాడు కాదు, మొదటిది చెవిన పడకపోతే. ఎంత గుచ్చి అడిగినా ఆవిడ సూర్యప్రకాష్ గుట్టు విప్పలేదు. లాగి చూస్తే తెగని గొలుసును నమ్మినట్టు, ఆ మొండితనాన్ని నమ్మాడు.

“సెయ్యెత్తితే ప్రాణం పోతంది తల్లీ,” అన్నాడు.

పట్టీ బీరువాలోకి వెళ్లింది. కాపడం పెట్టి, గోడ మీద వేళ్లతో చీమలా పైకి పాకించడం దగ్గర మళ్లీ మొదలుపెట్టింది సుధారాణి. బిందుప్రియకు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని, కాళ్లు దగ్గరగా ఉంచి పక్కకి తిరగడం నేర్పింది.

చలి ముదిరేనాటికి చెయ్యి చెవి దాటింది. పరీక్షలో గట్టెక్కాడు. పని మొదలైన రోజు సూర్యప్రకాష్ ఆయన్ను గొలుసుల గుట్ట వెనక్కి తీసుకెళ్లాడు. మనిషి మెడ తిప్పకుండా, ఒళ్లంతా తిప్పి చూస్తున్నాడు.

“ముసలయ్యా, మాంగోలో నా బండి చూశానని నువ్వే ఎవరితోనో అన్నావట. పెద్దాఫీసులో అనకు. మెడ పట్టేసిందంటే నన్ను యార్డులోంచి తీసేస్తారు.”

ముసలయ్య ఆయన్ను ఆ మెడ నుంచి బూట్ల దాకా పరిశీలనగా చూశాడు. ఇందులోనూ ఏదో ఉచ్చు ఉందేమోనని కాసేపు వెతికి ఉంటాడు. తరవాత, ఆ యార్డులో ఎప్పుడూ అనని మాట అన్నాడు.

“నాను మాంగోలో ఎవర్నీ సూడలేదు బాబూ. కాని నాకింకా నొప్పుంది. సిగ్నలిత్తాను గాని గొలుసు లాగను. లాగడానికి ఇంకోణ్ణి ఎట్టు.”

సూర్యప్రకాష్ మెడ మీద చెయ్యి వేసుకున్నాడు. ఆపైన, గొలుసు లాగమని ఇంకొకణ్ణి కేకేశాడు.

ముసలయ్య వాడు తగిలించిన కొక్కేన్ని రెండుసార్లు తడిమి చూసి, దూరంగా జరిగి, కుడిచెయ్యి నిటారుగా ఎత్తి వేలు తిప్పాడు. పైన డ్రైవరు చూశాడు. దిమ్మె నేల విడిచింది.