అమ్మ వదిలేసిన బంటు

కొత్త గోడలకు నీళ్ళు కొట్టినప్పుడు లేచే తడి సిమెంటు వాసన ఎక్కడ తగిలినా నా కాళ్ళు కాసేపు ఆగిపోతాయి. దిల్‌సుఖ్‌నగర్ వెనకాల ఇంకా పేరైనా కుదరని ఆ కాలనీలో, గౌను నిండా ఇసుకతో కుప్పల మీంచి జారే పిల్లనైపోతాను. ఎనభైల్లో అక్కడ ఇళ్ళకంటే ప్లాట్ల హద్దురాళ్ళే ఎక్కువ. రాళ్ళ మధ్య తంగేడు, గునుగు విరగబూసేవి, ఎల్.బి. నగర్ వైపు ఇంకా మిగిలిన ద్రాక్షతోటల మీదుగా సాయంత్రం గాలి తియ్యగా వచ్చేది, ఎండాకాలంలో గడ్డిఅన్నారం మార్కెట్టు నుంచి నాన్న తెచ్చిన మామిడికాయలు మంచం కింద గడ్డిలో మగ్గుతుంటే ఇల్లంతా మత్తుగా ఉండేది.

మేము తెనాలి నుంచి వచ్చి యాదిరెడ్డి తాత ఇంట్లో ముందు రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్ళం. ఆ కాలనీలో సగం ఒకప్పుడు ఆయన జొన్నచేనేనట. చేను ప్లాట్లయ్యాక చేతులకు పనిలేక, తెల్ల ధోవతి, తలకు రుమాలుతో పొద్దంతా అరుగు మీద కూర్చుని, ఇటుకల లారీలు గుంతల్లో దిగబడితే ఎద్దుల్ని అదిలించినట్టు వాటిని అదిలించేవాడు.

ఆ వేసవిలో అమ్మ వాళ్ళ నాన్న పోయారు. కబురు ఆలస్యంగా అందడంతో అమ్మకు ఆఖరి చూపు దక్కలేదు. తెనాలి నుంచి ఒక్క చెస్ పెట్టె మాత్రం తెచ్చుకుని బీరువా మీద పెట్టేసింది. ఆ తర్వాత మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. వండేది, నాకు జడ వేసేది, అడిగితే జవాబు చెప్పేది. నాన్న సినిమాకి పోదామంటే "మీరు వెళ్ళి రండి" అనేది.

దసరా సెలవులొచ్చాయి. అమ్మకు మనసొప్పక మా ఇంట్లో పిండివంటల్లేవు. తాత భార్య రాములమ్మ మాత్రం బతుకమ్మ నాడు మలీద ముద్దలు, నువ్వుల సద్ది పళ్ళెంలో పెట్టి, కొంగుతో కప్పి తెచ్చి ఇచ్చింది. ఆ సెలవుల్లోనే ఒక సాయంత్రం నేను స్టూలెక్కి పెట్టె దించి, అరుగు మీద పావులు పరుచుకున్నాను.

"గీ ఆట ఎవలికొస్తది బిడ్డా?" అన్నాడు తాత.

"అమ్మకి."

అమ్మ గబగబా బయటికొచ్చింది, పెట్టె లోపలికి తీసుకుపోవడానికి. కానీ తాత అప్పటికే తెల్ల పావులు తనవైపు పేర్చుకుంటున్నాడు. పెద్దాయనను కాదనలేక కొంగు దోపుకుని కూర్చుంది.

తాత మంత్రి ముందరి బంటును రెండు గడులు తోశాడు. అమ్మ గుర్రాన్ని దించింది. ఆయన పక్క బంటునూ తోశాడు. అప్పుడు అమ్మ తన రాజు ముందరి బంటును తీసి, సరిగ్గా ఆయన బంటు కొట్టే చోట పెట్టింది.

"అయ్యో, గది ఉత్తగనే పోతది బిడ్డా. ఎనక్కి తీస్కో."

"పోనివ్వండి బాబాయిగారూ."

తాత జాలిపడుతూనే కొట్టాడు. అమ్మ గుర్రం ఇంకో దూకు దూకింది, శకటు కదిలింది, మంత్రి కదిలింది. కాసేపటికి తాత అంచు బంటుతో శకటును బెదిరిస్తే అమ్మ దాన్ని తీయలేదు. గుర్రంతో వెళ్ళి పోయిన బంటుకు బదులు తెచ్చుకుంది. తాత సంబరంగా శకటును కొట్టాడు. అంతే, గుర్రం ఆయన రాజు ముంగిట్లో వాలింది. చుట్టూ తనవాళ్ళే నిండిపోయి రాజుకు కదలడానికి గడి లేదు.

తాత రాజును నాలుగు వైపులా జరపబోయి చూశాడు. "గిదేం ఆట?"

"బుడాపెస్ట్ గాంబిట్ అంటారండీ, కావాలనే బంటును వదిలేసే ఎత్తు. మా నాన్న నేర్పారు."

"బడంగ్‌పేటా? ఆడ మా సుట్టాలున్నరు. ఒక్కడన్న గిట్ల ఆడడే!"

అమ్మ ఫక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. నాన్న పేపరు పక్కన పెట్టి గుమ్మంలోనే నిలబడిపోయాడు. తాత ఓదార్చలేదు. పావులు మళ్ళీ వాటి గడుల్లో పెట్టి, "మీ నాయిన ఇంకేం నేర్పిండో సూపియ్యి" అన్నాడు.

అమ్మ చూపించింది. దీపాలు పెట్టేదాకా వాళ్ళ నాన్న గురించి చెబుతూనే ఉంది. వానపడే రోజుల్లో వసారాలో తన జడ పట్టుకుని లాగి మరీ ఎత్తులు నేర్పేవారని నాకు ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత రోజూ ఆట. తాతకు ఆ ఉచ్చు ఎప్పుడో తెలిసిపోయిందని అమ్మ అంటుంది, అయినా ఆ బంటును కొడుతూనే ఉండేవాడు, ఓడి "బడంగ్‌పేట!" అని తల కొట్టుకునేవాడు.

ఇప్పుడు తాత లేడు. ద్రాక్షతోటలు లేవు, తంగేడు పూసే జాగా లేదు. ఆ ఇంటి చోట అయిదంతస్తుల హాస్టలు, అరుగు ఉన్నచోట దాని మెట్లు. మొన్న అటు వెళ్ళినప్పుడు అమ్మ కారు అద్దం దించి, "మా బాబాయిగారు ఇక్కడే కూర్చునేవారు" అని వాచ్‌మన్‌తో చెప్పింది. అతను మర్యాదగా లేచి, మెట్ల మీద పిల్లలు విప్పిన చెప్పులు పక్కకు జరిపాడు.