ఏటిగట్టు ఆఖరి సంచిక

చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో జగన్నాధం గారి ప్రెస్సు నడిచిన రోజుల్లో ఈశ్వరి అక్కడ కాగితాలు మడతపెట్టేది. అచ్చయిన పెద్ద కాగితాలు ఆరాక, పేజీలు వరసగా వచ్చేలా మడిచి, వెదురు బద్దతో నొక్కి, దారంతో కుట్టాలి. అప్పటికామెకి పదహారేళ్ళు. అయిదో తరగతితో బడి మానిపించి నాన్న పొలానికి తీసుకెళ్ళాడు గానీ, ఎండకి ఊరికే కళ్ళు తిరిగి పడిపోయేది. చివరికి వాళ్ళమ్మే తీసుకొచ్చి ప్రెస్సులో కూర్చోబెట్టింది.

ఆ ప్రెస్సులో నెలనెలా ‘ఏటిగట్టు’ అనే కథల పత్రిక అచ్చయ్యేది. కట్టలు పాసింజరు బండిలో అటు పలాస దాకా, ఇటు విశాఖపట్నం దాకా వెళ్ళేవి. అందులో నారాయణమ్మ గారని శ్రీకాకుళం టీచరొకావిడ సీరియల్ రాసేవారు. ఈశ్వరికి దానిమీదే ప్రాణం. ఆ కథలో కళింగపట్నం పిల్ల అసిరమ్మ. పెళ్ళయిన ఏడాదికే మొగుడు రంగూను ఓడెక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ కబురు లేదు. మడతపెట్టని కాగితం మీద సగం పేజీలు తలకిందులుగా ఉంటాయి. ఈశ్వరి మెడ వంచి, ఒళ్ళు వంచి చదువుతుంటే అక్షరాలు కూర్చే కంపోజిటర్లు నవ్వేవారు.

ఒక నెల కథ ఇలా ఆగింది. బయట వాన. అసిరమ్మ గెంజి కాస్తోంది. ఎవరో తలుపు కొట్టారు. “ఎవులది?” అంది అసిరమ్మ.

ఆ సంచిక బయటికి వెళ్ళిన కొద్దిరోజులకే జగన్నాధం గారు గుండె ఆగి పోయారు. ముందుకొచ్చి నడిపేవాళ్ళు లేక ప్రెస్సు మూతపడింది. సీసం అక్షరాలు సంచుల్లో పోసి ఎవరో పట్టుకుపోయారు.

ఈశ్వరికి పెళ్ళయింది. లారీ మీద తిరిగే మనిషిని చేసుకుంది. ఆయన ఒడిశా వైపు లోడు వేసుకెళ్ళిన రోజుల్లో, పొయ్యి ముందు కూర్చుని అసిరమ్మ తలుపు గురించే ఆలోచించేది. వచ్చింది మొగుడే, ఇంకెవరవుతారు, అనుకునేది. వాళ్ళమ్మ పోయిన ఏడాది మాత్రం, ఆ తలుపు కొట్టింది అసిరమ్మ తల్లేమో అనిపించింది. తర్వాత బరంపురం దగ్గర లారీ బోల్తాపడి ఆయన పోయాడు. చాలాకాలం ఆ కథ జోలికి మనసు వెళ్ళనివ్వలేదు. జాకెట్లు కుట్టుకుంటూ కూతుర్ని పెంచి, విజయనగరంలో ఇచ్చింది.

ప్రెస్సు ఉన్న ఇంట్లో ఇప్పుడు గిరిబాబు సెల్‌ఫోన్ల దుకాణం. పోయిన కార్తీకంలో అతనే కేకేసి చెప్పాడు.

“అత్తా, మా గోడకి రాయి బిగిస్తన్నారే! ఇక్కడ పత్రిక అచ్చేసేవోరంట కదా? నువ్వు పని సేసింది ఇక్కడేనా?”

“ఇక్కడే. రాసినోలు ఎవలైనా వస్తారేట్రా?”

“నారాయణమ్మ గారని టీచరమ్మ వస్తాదంట. ఆవిడే తెర తీస్తాదంట.”

ఈశ్వరి పాదం కుట్టుమిషను మీదే ఆగిపోయింది. ఆవిడ బతికే ఉన్నారా!

ఆ ఆదివారం నల్లరాతి ఫలకం మీంచి పసుపు గుడ్డ తీశారు. పత్రిక పేరు, జగన్నాధం గారి పేరు, నడిచిన సంవత్సరాలు ఉన్నాయి. ఉపన్యాసాలు అయ్యాక జనం టిఫిన్ల వైపు కదిలారు. నారాయణమ్మ గారు కుర్చీలో ఒక్కరే మిగిలారు. తల ముగ్గుబుట్ట. ఈశ్వరి వెళ్ళి పక్కన నేలమీద కూర్చుంది.

“అమ్మగారూ, తలుపు కొట్టింది ఎవలు?”

“ఏ తలుపమ్మా?”

“అసిరమ్మ తలుపు.”

ఆవిడ కళ్ళజోడు తీసి చాలాసేపు ఈశ్వరి మొహంలోకి చూశారు. “నువ్వు చదివావా అది?”

“సదివినాను, మడతెట్టినాను, కుట్టినాను. ఇన్నేళ్ళూ అడుగుదామంటే మీరెక్కడున్నారో తెల్దు.”

“నాకూ తెలీదమ్మా,” అన్నారావిడ, గొంతు తగ్గించి. “ఏ నెలకా నెలే రాసేదాన్ని. తలుపు కొట్టించేశాను, ఎవరన్నది వచ్చే నెల చూసుకుందాం అనుకున్నాను. ఇంతలో పత్రికే లేకుండా పోయింది. ఆ తర్వాత కలం పట్టుకోబుద్ధి కాలేదు.”

“మరైతే పాపం, ఆ పిల్ల అలాగే నిలబడిపోయినాదా?”

నారాయణమ్మ గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. “నువ్వెవరనుకున్నావు?” అని అడిగారు.

ఈశ్వరి చెప్పింది. మొగుడనుకున్న రోజులు చెప్పింది, అమ్మనుకున్న ఏడాది చెప్పింది. లారీ సంగతీ చెప్పింది. 

“ఇప్పుడో?”

“ఇప్పుడెవలైనా పరవాలేదమ్మా. ఎవలో ఒకలు వస్తే సాలు.”

ఆవిడ ఈశ్వరి చేతిని రెండు చేతుల్లోకీ తీసుకున్నారు. కారు వచ్చిందని ఎవరో పిలిచినా వెంటనే లేవలేదు. వెళ్ళేముందు గిరిబాబు చేత ఈశ్వరి నంబరు రాయించుకున్నారు.

ఇప్పుడు అప్పుడప్పుడు శ్రీకాకుళం నుంచి ఫోను వస్తుంది. నాగావళిలో నీళ్ళెలా ఉన్నాయో, మోకాళ్ళ నొప్పులకి ఏ నూనె మంచిదో మాట్లాడుకుంటారు. కథ మాట ఆవిడ ఎత్తరు, ఈమె అడగదు. మాటలు అయిపోతాయి. అయినా ఇద్దరిలో ఎవరూ ముందు ఫోను పెట్టరు. అవతల ఆవిడ ఊపిరి వినిపిస్తూ ఉంటుంది.