మాత్ర వేసుకున్న పొద్దు

మామిడి తోటలు పూత మీదున్న రోజులవి. తిరుపతిలో చిత్తూరు బస్సెక్కితే, పక్కసీటులో ముప్ఫై ఏళ్ల ఆమె ఆగకుండా తుమ్ముతోంది. పర్సులోంచి అలర్జీ మాత్ర తీసి, వేసుకోకుండా అరచేతిలో పెట్టుకుని చూస్తోంది.

"వేసుకోవచ్చు కదా, తగ్గుతాయి," అన్నాను.

"తగ్గుతాయక్కా. కానీ ఇది ఏసుకుంటే నిద్రొస్తాది. ఆ పొద్దు బండి తోలొద్దని డాక్టరు సెప్పినాడు. నాది స్కూలు ఆటో. సాయంత్రం పిలకాయల్ని ఇండ్లకు దించాల."

"దించాకే వేసుకోండి మరి."

"ఇట్ల తుమ్ముతా తోలితే మాత్రం కండ్లు మూసుకుపోవా?"

మాత్ర గుప్పిట్లో పట్టుకుని ఎవరికో ఫోన్ చేసింది. "అన్నా, ఈ పొద్దు మా పిలకాయల్ని నీ ఆటోలో నువ్వు దించాల." అవతలి మనిషి ఏవో సాకులు చెబుతున్నట్టున్నాడు. ఆమె గొంతు పెంచలేదు, మెత్తబడనూ లేదు. "ఒక్క పొద్దుకు ఏమీ కాదని నువ్వంటావు. ఏమన్నా అయితే ఆ పిలకాయల అమ్మలకు నేనేం సెప్పాల? నేను తోలను, అన్నా. రెండు తూర్లు తిరిగైనా నువ్వే దించు."

అతను ఒప్పుకున్నాకే నా సీసాలో నీళ్లడిగి మాత్ర మింగింది. దారిలో పూతలపట్టు రాకముందే నా భుజం మీద నిద్రపోయింది. చిత్తూరులో లేపితే, సిగ్గుపడుతూ నవ్వి, తూలుతూ దిగిపోయింది. ఆమె పేరైనా నేను అడగలేదు.

పూతకాలంలో నాకూ తుమ్ములు తప్పవు. అప్పట్నుంచీ మాత్ర వేసుకున్న రోజు స్కూటర్ తాళాలు మా ఆయన చేతికిచ్చేస్తాను. ఎందుకని అడగడం ఆయన ఎప్పుడో మానేశాడు.